ఏ లావొడిసీ?

మే 3, శనివారం

ఈ నోట్‌బుక్ ఆఫీసు వాళ్ళు పదేళ్ళ సర్వీసుకు బహుమతిగా ఇచ్చారు. తోలు అట్ట, దాని మీద బంగారు రంగులో "చక్" అని నా పేరు. చక్రపాణి అని వేయించాలంటే అట్ట చాలదనుకున్నారో ఏమో. నాకేమీ బాధ లేదు. కాగితం బాగుంది.

ఈరోజు ఒక పెద్ద పని పూర్తి చేశాను. పుట్టబోయే పాపకు పేర్ల ఎక్సెల్. ఇరవై ఏడు నక్షత్రాలు, నక్షత్రానికి నాలుగు పాదాలు, పాదానికో అక్షరం, వెరసి నూట ఎనిమిది వరసలు. పాప ఏ ఘడియలో పుట్టినా ఆ అక్షరంతో పేరు సిద్ధంగా ఉంటుంది. జార్జియాలో మా ఊరు కమ్మింగ్‌లో మనవాళ్ళంతా బిడ్డ పుట్టాక పేరు వెతకడం మొదలుపెడతారు. ఇక్కడి ఆస్పత్రి వాళ్ళు ఇరవై ఒకటో రోజు బారసాల దాకా ఆగరు కదా, రెండో రోజే బర్త్ సర్టిఫికెట్ ఫారం పట్టుకొచ్చి నిలబడతారు. ఆ కంగారులో అందరూ ఒకే పేరు రాసేస్తారు. రెండిళ్ళ అవతల ఉండే తేజేశ్వర్ కొడుకు క్లాసులో ముగ్గురు ఆరుష్‌లున్నారు. మూడోవాణ్ణి టీచరు "ఆరుష్ త్రీ" అని పిలుస్తుందట. నా కూతురికి నంబరు పడకూడదు.

ప్రతి పేరుకూ ఐదు పరీక్షలు పెట్టాను. ఈ కౌంటీలో ఇంకెవరికీ ఉండకూడదు. అమెరికన్లు మొదటిసారే పలకగలగాలి. మంచి అర్థం ఉండాలి. ఆ పేరుతో జీమెయిల్ ఐడీ దొరకాలి. ఐదోది రాజసం, దానికి పదికి మార్కులు నేనే వేస్తాను.

మే 4

మా ఆవిడ అంకిత ఎక్సెల్ చూసింది. పన్నెండు నిమిషాలు చూసింది. చివరికి ఒకే ఒక్క పేరు అడిగింది. వాళ్ళ అమ్మమ్మ పేరు, సుబ్బులు.

కాదనలేదు. నేను అలాంటి మనిషిని కాను. ఆవిడ తెనాలి స్టేషను దగ్గర ఇడ్లీలమ్మి అంకితను పెంచింది. మా అత్తగారు టీచరు, ఊరూరా బదిలీలు కాబట్టి పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరిగింది. పోయినేడు ఫిబ్రవరిలో ఆవిడ పోతే అంకిత వెళ్ళలేకపోయింది. వెళ్తే తిరిగి రావడానికి అక్కడ వీసా స్టాంపింగ్ చేయించుకోవాలి, దానికి కాన్సులేట్‌లో స్లాట్ లేదు. ఇవన్నీ నాకు తెలుసు. అందుకే సుబ్బులు పేరును శతభిషం నాలుగో పాదం, "సూ" అక్షరం కింద, తొంభై ఆరో వరసలో స్వయంగా చేర్చాను. ఆ అక్షరం వస్తే ఆ పేరే పెడదామన్నాను. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది?

తర్వాత ఆ వరసను కనపడకుండా హైడ్ చేశాను. ప్రింట్ తీస్తుంటే మార్జిన్ సరిపోవడం లేదు.

మే 11

అత్తయ్య ఇండియా నుంచి దిగారు. రెండు సూట్‌కేసుల నిండా పచ్చళ్ళు, పురిటి మందులు. ఎక్సెల్ చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, ఇందులో మనవాళ్ళ పేర్లు ఏ పేజీలో ఉన్నాయి బాబూ అనడిగారు.

మే 17

నాలుగో వరస ఇన్నాళ్ళూ ఖాళీగా ఉండిపోయింది. అశ్విని నాలుగో పాదం, "ల". లాస్య, లహరి, లక్షిత అన్నీ కౌంటీలో నిండిపోయాయి. ఈరోజు దొరికింది. లావొడిసీ.

గ్రీకు పేరు. ప్రజలకు న్యాయం అని అర్థం. రాణుల పేరట, ఒకరు కాదు, పది పన్నెండు మంది రాణులు. ఆ పేరు మీద ఊళ్ళే కట్టారు. జీమెయిల్ ఐడీ ఖాళీగా ఉంది. రాజసం పదికి పది. ఆ రాణుల గురించి ఇంకా చదవాలి, కానీ సోమవారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. రాణులంటే రాణులే కదా.

మే 24

ఆస్పత్రి బ్యాగు కారులో పెట్టాం.

మే 25, ఆదివారం

పాప పుట్టింది. ఉదయం ఏడూ నలభై. ఏడు పౌండ్లు.

దాని వేళ్ళు ఇంతంత ఉన్నాయి. నా చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, నర్సు టిష్యూల డబ్బా నా చేతికే ఇచ్చింది.

హైదరాబాద్‌లో మా సిద్ధాంతి ధర్మారావు గారికి వెంటనే వాట్సాప్ చేశాను: ఆడపిల్ల, ఈరోజు ఉదయం 7:40. గంటలో జవాబు. అశ్విని, నాలుగో పాదం, "ల".

నూట ఎనిమిది వరసల్లో నాలుగోది. అక్షరం వరకు అంకితకు చెప్పాను. కళ్ళు మూసుకుంది. ఒప్పుకున్నట్టే.

మే 26

మెమోరియల్ డే అని ఆస్పత్రి సగం ఖాళీ. అయినా ఫారం మాత్రం టైముకే వచ్చింది. అంకిత నిద్రపోతోంది. బాలింతను లేపకూడదని అత్తయ్య మొన్ననే చెప్పారు. పెద్దవాళ్ళ మాట వినాలి.

రాసిచ్చాను. ఫారం తీసుకున్నావిడ చూసి "లావో డైస్, బ్యూటిఫుల్" అంది. సరిచేశాను. "లేయోడీస్" అంది. మూడోసారి నేను సరిచేయలేదు. దగ్గరగానే వచ్చింది.

అంకితకు సాయంత్రం చెప్పాలి.

మే 27

ఇంటికొచ్చాం. చెప్పడానికి సందర్భం కుదరలేదు. ఫారంలో ఏదో తాత్కాలికంగా రాశానని మాత్రం చెప్పాను. ఆ మాట అబద్ధం కాదు, ఈ లోకంలో ఏది శాశ్వతం?

అత్తయ్యకు పేరు వినిపించాను, ఊరికే, ఎలా ఉంటుందని. అది ఏ నొప్పికి వేసుకునే మందు బాబూ అన్నారు.

జూన్ 1

తేజేశ్వర్ వాళ్ళు పాపను చూడ్డానికి వచ్చారు. వాళ్ళ పెద్దమ్మాయి ప్రణవి ఎనిమిదో తరగతి అయిపోయింది. స్కూలు హిస్టరీ క్విజ్ టీములో ఉందట. అమెరికాలో పుట్టిన పిల్ల, అంకిత కన్నా ముందు దానికి చెబితే తప్పేముందని వరండాలోకి తీసుకెళ్ళి పేరు చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఏ లావొడిసీ, అంకుల్?" అంది.

నాకు అర్థం కాలేదు.

"లైక్, చాలామంది ఉన్నారు. మీరు ఏ లావొడిసీ నేమ్ పెడుతున్నారు? హోప్‌ఫుల్లీ ఆ పాయిజన్ ఆవిడ కాదు."

ఏ పాయిజన్ ఆవిడ అని అడిగాను. ఆ పిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టి, ఇద్దరో ముగ్గురో ఉన్నారు అంకుల్ అంది.

జూన్ 2

ఆఫీసు పని పక్కన పెట్టి చదివాను. ఒక లావొడిసీ భర్త ఆంటియోకస్ రాజు. అతను ఈవిణ్ణి వదిలేసి ఇంకో రాజు కూతుర్ని చేసుకున్నాడు. తర్వాత తిరిగి వచ్చాడు. వచ్చినవాడు పోయాడు. విషం పెట్టిందని అప్పట్లోనే చెప్పుకున్నారు. సవతినీ ఆమె పసిబిడ్డనూ కూడా చంపించారు.

చెప్పుకున్నారు అంటే రుజువు లేనట్టే.

జూన్ 3

కప్పడోకియా రాణి లావొడిసీ. ఆరుగురు కొడుకులు. అధికారం పోకుండా ఐదుగురికి విషం పెట్టిందట. ఆరోవాణ్ణి బంధువులు దాచి బతికించారు.

ఇంకో లావొడిసీ పొంటస్ రాణి. భర్త ఆమెకు సొంత తమ్ముడో అన్నో. ఊరెళ్ళి తిరిగొచ్చిన అతనికి విషం పెట్టబోయి దొరికిపోయింది. మరొకావిడ వరసగా ముగ్గురు సొంత అన్నదమ్ముల్ని పెళ్ళాడింది. ఆవిడ మాత్రం ఎవరికీ విషం పెట్టలేదు. చాలా ఊరట కలిగింది.

ప్రజలకు న్యాయం అని అర్థం చెప్పిన ఆ వెబ్‌సైటు వాళ్ళకు ఒక ఈమెయిలు రాశాను.

జూన్ 4

దొరికింది, మంచి లావొడిసీ. ఆంటియోకస్ అనే ఇంకో రాజు భార్య. యుద్ధంతో, భూకంపంతో చితికిపోయిన ఒక ఊరికి ఏటా గోధుమలు పంపింది, పదేళ్ళపాటు. వాటిని అమ్మగా వచ్చిన డబ్బుతో పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేయమంది. ఆ ఊరివాళ్ళు ఆవిడ ఉత్తరాన్ని రాతి మీద చెక్కించుకున్నారు. నేను పెట్టింది ఈవిడ పేరే. మొదటి నుంచీ ఈవిడే నా మనసులో ఉంది.

జూన్ 5

ప్రణవి ఒక వంశవృక్షం గీసి ఫోనుకు పంపింది. లావొడిసీ కింద లావొడిసీ, ఆవిడ కింద ఇంకో లావొడిసీ. అన్ని దేశాల్లో అందరికీ ఇదే పేరు ఎందుకొచ్చిందని అడిగాను. ఒక్క లైన్ జవాబిచ్చింది: "అందరూ గ్రాండ్‌మా నేమ్ పెట్టేస్తారు అంకుల్, దట్స్ వై."

ఆసక్తికరమైన సంగతి. మనకు సంబంధం లేదు.

జూన్ 7

ధర్మారావు గారు పూర్తి జాతకం రాస్తానని ఫోన్ చేశారు. మాటల మధ్య, ఏడూ నలభై అంటే మీ టైమా, మా టైమా నాయనా అనడిగారు.

ఆయనకు పంపిన మెసేజ్ మళ్ళీ తెరిచాను.

నేను రాసింది జార్జియా టైము. ఆయన వేసింది హైదరాబాద్ టైము. మధ్యలో తొమ్మిదిన్నర గంటలు. పదేళ్ళుగా రోజూ హైదరాబాద్ టీముతో మీటింగులు పెట్టేది నేనే, ఎవరైనా టైమ్ జోన్ రాయకపోతే ఘాటుగా మెయిలు కొట్టేది కూడా నేనే. ఆయన మళ్ళీ లెక్కవేసి చెప్పారు. అశ్విని కాదు, భరణి రెండో పాదం. "ల" కాదు, "లూ". ఆరో వరస. అందులో నేను రాసుకున్న పేరు లూసియానా కాబోలు, అది గ్రీకో కాదో కూడా ఇప్పుడు తెలియదు.

మరి "ల" తో పెట్టేస్తే ఎలా అని నసిగాను. ఆయన నవ్వారు. "జాతకంలో రాసే పేరు వేరు, పిలుచుకునే పేరు వేరు నాయనా. జన్మనామం నేను రాసుకుంటాను. పిలిచే పేరు మీ ఇష్టం. ఎప్పుడూ అంతే కదా."

ఎప్పుడూ అంతేనట. నూట ఎనిమిది వరసలు.

జూన్ 8

బారసాల బ్యానరు వచ్చింది. ఆరడుగులు. బంగారు కిరీటం, దాని కింద "ప్రిన్సెస్ లావొడిసీ". గరాజ్‌లో, మంచు ఊడ్చే పార వెనకాల పెట్టాను.

శనివారం బారసాలకు అరవై మంది వస్తున్నారు. ఆలోపు అంకితకు చెప్పాలి. రేపు చెబుతాను.

జూన్ 9

వర్షం.

జూన్ 10

పాప పేరుతో సోషల్ సెక్యూరిటీ కార్డు పోస్టులో వచ్చింది. నేను మీటింగులో ఉన్నాను. అంకిత కవరు విప్పింది.

మీటింగు అయ్యాక కిందికి దిగితే కార్డు డైనింగ్ టేబుల్ మీద ఉంది. పక్కన నా టీ, చల్లారిపోయింది. అత్తయ్య పాపను ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు, ఆవిడకు పరిస్థితి అర్థమైంది. అంకిత అరవలేదు. "తాత్కాలికంగా అన్నావు" అంది, అంతే. తర్వాత గుడ్డలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. చిన్న చిన్న చొక్కాలు, ఒకటే చొక్కాను మూడుసార్లు మడతపెట్టింది.

జూన్ 11

ఈరోజు మాట్లాడింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

ముందు నేను వాదించాను. మంచి లావొడిసీ కథంతా చెప్పాను. గోధుమలు, ఊరు, రాతి మీద చెక్కిన ఉత్తరం. అంకిత విన్నది. "మా అమ్మమ్మ రోజూ పొద్దున మొదటి వాయ ముగ్గురికి ఊరికే పెట్టేది. స్టేషన్లో పడుకునేవాళ్ళకి. ముప్ఫై ఏళ్ళు. ఎవరూ ఏ రాయి మీదా చెక్కలేదు" అంది.

ఇంతమంది రాణులకు ఉన్న పేరు, ఊరూపేరూ లేనిదేం కాదన్నాను.

"అంతమందికి ఒకటే పేరు ఎందుకుంది?"

తెలియదు అనొచ్చు. కానీ ప్రణవి పంపిన వంశవృక్షం అప్పటికే ఆమె ఫోనులో ఉంది. ఆ పిల్ల నిన్న అంకితకు కూడా పంపిందట. కాబట్టి చెప్పాను. నాయనమ్మల పేర్లు, అమ్మమ్మల పేర్లు పెట్టుకున్నారు అని.

"అయితే రెండువేల ఏళ్ళ కిందటి వాళ్ళ అమ్మమ్మ పేరు నీకు బాగుంది చక్రీ. మా అమ్మమ్మ పేరే బాగాలేదు."

మళ్ళీ అంది, ఈసారి నా మొహం చూస్తూ: "ఆవిడ పోయినప్పుడు నేను వీడియోలో చూశాను. ఎవరో ఫోన్ పట్టుకున్నారు, చెయ్యి వణుకుతుంటే అంతా కదిలిపోయింది. మొహం సరిగ్గా కనపళ్ళేదు. ఆ పేరు రోజూ ఇంట్లో వినపడాలనుకున్నా. అంతే అడిగా నిన్ను."

నేను ఇది ఎప్పుడూ రాయలేదు. ఈ నోట్‌బుక్‌లో రాస్తాను, ఎవరూ చదవరు కాబట్టి. ఈ కంపెనీలో చేరిన మొదటి రోజు అప్పటి మేనేజరు నా పేరు రెండుసార్లు పలకబోయి, నవ్వి, చక్ అని పిలవొచ్చా అన్నాడు. తప్పకుండా, నాకు చాలా ఇష్టం అన్నాను. ఆ మాట ఎవరూ అడగలేదు, నేనే కలిపాను. సాయంత్రం కారులో కూర్చుని, అద్దాలు ఎత్తి, చక్రపాణి అని పైకి రెండుసార్లు అనుకున్నాను. నాకు సిగ్గేసింది. నా కూతురు అలా కారులో కూర్చోకూడదనుకున్నాను, నిజంగానే. దానికి కిరీటం పెట్టాలనుకున్నాను. తల ఎవరిదో చూసుకోలేదు.

ఇదంతా అంకితకు చెప్పాను. తొంభై ఆరో వరస హైడ్ చేసిన సంగతి కూడా.

"తెలుసు. తొంభై ఐదు తర్వాత తొంభై ఏడు ఉంది. నాకు అంకెలు రావనుకున్నావా?" అంది. మొదటి రోజే చూసిందట. పన్నెండు నిమిషాలు చూసింది అందుకే.

జూన్ 12

అత్తయ్య నాతో మాట్లాడుతున్నారు, కానీ బాబూ అనడం లేదు.

జూన్ 14, శనివారం

బారసాల.

అరవై మంది అంటే తొంభై మంది వచ్చారు. గరాజ్‌లో బ్యానరు అత్తయ్య కంట పడింది. ఆరడుగుల గట్టి గుడ్డ వృథా ఎందుకని బోర్లా తిప్పి, పిల్లలు భోజనానికి కూర్చోవడానికి పరిచారు. కిరీటం మీద కూర్చుని ముగ్గురు ఆరుష్‌లు పులిహోర తిన్నారు.

ఫోను స్టాండు మీద ధర్మారావు గారు, హైదరాబాద్ నుంచి. ఈసారి ముహూర్తం చెప్పి, పక్కన మీ టైము అని రెండుసార్లు అన్నారు. నా ముందు పళ్ళెంలో బియ్యం, చేతిలో అత్తయ్య ఉంగరం. పేరు రాయమన్నారు. అంకిత పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నా వైపు చూడలేదు. ఏం రాస్తానో తనకు చెప్పలేదు. చెప్పి రాస్తే బేరం ఆడినట్టు ఉంటుంది.

సుబ్బులు అని రాశాను. ఉంగరం బియ్యంలో జారింది, "బ్బు" దగ్గర మళ్ళీ దిద్దాల్సి వచ్చింది. పాప చెవిలో మూడుసార్లు చెప్పమన్నారు. మొదటిసారి మరీ మెల్లగా చెప్పాను. రెండోసారి అందరికీ వినపడేలా చెప్పాను. మూడోసారి నేను చెప్పేలోపే వెనక నుంచి అత్తయ్య తన తల్లి పేరును మెల్లగా తనూ అన్నారు. అంకిత అప్పుడు ఏడ్చింది. ఫిబ్రవరి నుంచి, పోయిన ఏడాది ఫిబ్రవరి నుంచి, నేను ఆమె ఏడవడం చూడలేదు.

తేజేశ్వర్ నన్ను పక్కకు లాగి, మరీ పాతకాలం పేరు కదా, స్కూల్లో ఇబ్బంది పడుతుందేమో అన్నాడు. నంబరు మాత్రం పడదులే అన్నాను. ప్రణవి వచ్చి, ఇప్పటికి ఎంతమంది సుబ్బులున్నారు అంకుల్ అనడిగింది. నాకు తెలిసి ఇద్దరు అన్నాను. ఫోనులో వంశవృక్షం గీయడం మొదలుపెట్టింది.

జూన్ 16, సోమవారం

పాప ఫోటో ఆఫీసులో చూపించాను. మేనేజరు కెవిన్ పేరడిగాడు. సుబ్బులు, అంకిత వాళ్ళ అమ్మమ్మ పేరు అన్నాను. సుబ్బులు, అన్నాడు. మొదటిసారే. తప్పు లేకుండా.

తర్వాత కాఫీ కప్పు పట్టుకుని అడిగాడు, చక్ అంటే మీ భాషలో అర్థం ఏమిటి, అది కూడా మీ తాతగారి పేరా అని. అవును, తాత పేరే, కానీ అది చక్ కాదు అన్నాను. మొత్తం పలికి వినిపించాను. రెండుసార్లు తడబడ్డాడు. నేను కదలకుండా నిలబడ్డాను. మూడోసారికి చక్రపాణి అన్నాడు. ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగాడు. మీటింగుకు టైమైందన్నాను.

మధ్యాహ్నం అంకిత, పాప, నేను పేరు మార్చే దరఖాస్తుతో కౌంటీ ఆఫీసుకు వెళ్ళాం. పాత పేరు గడిలో లావొడిసీ, కొత్త పేరు గడిలో సుబ్బులు. కింద కారణం రాయాలి, మూడు ఎంపికలున్నాయి: ఆస్పత్రి పొరపాటు, తల్లి/తండ్రి పొరపాటు, ఇతరం. పెన్ను మొదటి గడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. అంకిత చూస్తోంది.

రెండో గడిలో టిక్ పెట్టాను. అందులో "తల్లి" అన్న భాగం కొట్టేశాను. కౌంటర్లో ఉన్నావిడ, అలా కొట్టేయకూడదు సార్, ఫారం చెల్లదు అంది. ఇంకో ఫారం ఇచ్చింది. మళ్ళీ మొదటి నుంచి రాశాను. సంతకం గడి చిన్నది, చక్రపాణి పట్టక బయటికి వచ్చింది. దానికి ఆవిడ ఏమీ అనలేదు.